పాట అనుకుని పెట్టిన క్యాసెట్టు

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్న గోదావరి జిల్లాలో ఒక మిషన్ బంగళాలో వంటవాడు. దొరసాని నోట విని పట్టుకున్న ఇంగ్లీషునీ, గుడిలో పాదిరిగారి దగ్గర దిద్దుకున్న తెలుగునీ పొయ్యి పక్కన కూర్చోబెట్టి నాకు నేర్పాడు. ఆ రెండు భాషలూ, బైబిలూ, అంతే నా చదువు. చూపించుకోవడానికి ఒక్క కాగితం లేదు కనక, నర్సుగా ఉన్న మా అక్క వీసా తీయించి నన్ను అబూదాబీ రప్పించినప్పుడు దొరికింది ఆయా పనే. దొరికినందుకు ఈనాటికీ మోకాళ్ళ మీద వందనాలు చెప్పుకుంటాను. బయట రేకులు కాలిపోయే ఎండలో మనవాళ్ళు ఇనుము మోస్తుంటే నేను చల్లటి గదుల్లో నేల తుడిచాను. శుక్రవారం ఆరాధనకు సెలవు ఇచ్చేవాళ్ళు. ఇంతకంటే ఏం అడుగుతాం?

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు చెప్పబోయే మనుషుల పట్ల నాకు కృతజ్ఞత లేదని ఎవరూ అనుకోకూడదు. వాళ్ళు నాకు కూర్చోవడానికి కుర్చీ ఇచ్చారు. ఆ ఆసుపత్రిలో ఆయాకి కుర్చీ ఇచ్చినవాళ్ళు అంతకు ముందు లేరు. కుర్చీకి కృతజ్ఞురాలిని. గౌరవం అంటారా, అది కుర్చీ ఇస్తే వచ్చేది కాదు.

ఎనభైల మొదట్లో అనుకుంటాను, ఆసుపత్రి వెనకాల లాండ్రీ పక్కనున్న పోర్టా క్యాబిన్ అనే రేకుల గది ఖాళీ చేయించి అందులో ఒక పరిశోధన బృందం దిగింది. బృందం అంటే ఇద్దరే. ఒకాయన యూరప్ నుంచి వచ్చిన పెద్ద డాక్టరు. పొడుగాటి మనిషి, ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేవాడు. టీలో పంచదార ఎక్కువైందని చెప్పినా చావింట్లో పరామర్శలా ఉండేది. రెండో ఆవిడ మనసు సంగతులు చదువుకున్న మనిషి. అట్టకు బిగించిన కాగితాల కట్ట చంకలో లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. ఆయాలందరం ఆమెను కాగితాలమ్మ అనేవాళ్ళం. అవసరమైనప్పుడు ఆపరేషన్ థియేటర్ నుంచి మత్తు డాక్టరు వచ్చి, సూది వేసి, నాడి చూసుకుంటూ పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాడు.

తాగుడు మానలేనివాళ్ళకీ, దిగులుతో కుంగిపోయినవాళ్ళకీ వాళ్ళ దగ్గర కొత్త వైద్యం ఉందట. ఆపరేషన్లప్పుడు మత్తుకు వాడే కెటమిన్ అనే మందునే తక్కువ మోతాదులో ఇస్తారు. మనిషి పూర్తిగా నిద్రపోడు. కళ్ళకు నల్లగుడ్డ కట్టి, సంగీతం పెట్టి పడుకోబెడితే గంటసేపు ఈ లోకంలో ఉండడు. ఏవేవో చూస్తాడు, మాట్లాడతాడు, ఏడుస్తాడు. అలా వెళ్ళొచ్చినవాడికి ముందూ వెనకా కూర్చుని నాలుగు మాటలు చెబితే, మనసు కడిగినట్టయి తాగుడు దానంతటదే పోతుందని వాళ్ళ సిద్ధాంతం. సిద్ధాంతం తప్పని నేననను. నాకేం తెలుసు? మందు కూడా దేవుడు మొలిపించిన ఆకులాంటిదే, మంచి చేతుల్లో పడితే మంచి చేస్తుందేమో. నేను చూసింది మందుని కాదు, చేతుల్ని.

వాళ్ళకు రోగులు ఊరి బయట, మఫ్రఖ్ అవతలున్న కూలీల క్యాంపుల నుంచి వచ్చేవాళ్ళు. చాలామంది నిజామాబాద్, కరీంనగర్ పల్లెల మనుషులు. వాళ్ళ భాష వీళ్ళకు రాదు, వీళ్ళ భాష వాళ్ళకు రాదు. మనుషుల మనసు లోతులు చూడ్డానికి సముద్రాలు దాటి వచ్చినవాళ్ళకు, ఆ మనుషుల మాట రావాలన్న సంగతి వచ్చాకే గుర్తొచ్చింది. అప్పుడు ఎవరో, నేల తుడిచే ఆయాకి రెండూ వచ్చునన్నారు. నాకు కుర్చీ పడింది. రోగి చెయ్యి పట్టుకుని కూర్చోవాలి, వాంతి వస్తే పళ్ళెం పట్టాలి, మత్తులో అన్న ప్రతి మాటా రాసి తర్వాత ఇంగ్లీషులో చెప్పాలి. ఇదీ నా ఉద్యోగం.

అలా వచ్చినవాళ్ళలో ఒకతను భవనాలకు ఇనుప రాడ్లు కట్టే పనివాడు. ముప్పై దాటి ఉంటాయి. వేళ్ళనిండా తీగ గీసుకున్న గాట్లు. సారా దొరకని చోట అతను సెంటు సీసా పెప్సీలో కలుపుకుని తాగేవాడట. ఒకరోజు పనిమీదకి తూలుతూ వచ్చాడని క్యాంప్ బాస్ పట్టుకొచ్చి మా గదిలో కూర్చోబెట్టాడు. కాగితాలమ్మ ఒప్పుకోలు పత్రం చదివింది, నేను తెలుగులో చెప్పాను.

"ఈ వైద్యం నీ ఇష్టప్రకారమే చేయించుకుంటున్నావా అని అడుగుతున్నారు బాబూ."

"ఇష్టం లేకుంటే ఏమైతదక్కా?"

నేను జవాబు చెప్పేలోగా తలుపు దగ్గర సిగరెట్టు కాలుస్తున్న క్యాంప్ బాస్ అందుకున్నాడు. "వీసా కేన్సిల్. ఖలాస్."

"గట్లయితె మస్తు ఇష్టం" అని అతను వేలిముద్ర వేశాడు.

ఏమన్నాడని కాగితాలమ్మ నన్ను అడిగింది. చాలా ఇష్టమట అన్నాను. ఆమె ముఖం వికసించింది. నేనేమీ అబద్ధం ఆడలేదు. మాట ఎక్కువా తక్కువా కాకుండా తర్జుమా చేశాను.

తర్వాత ప్రశ్నలు. పోయిన వారంలో బతుకు వ్యర్థమనిపించిందా? అస్సలు లేదు, కొంచెం, చాలా, ఎప్పుడూ. ఈ నాలుగింట్లో ఒకటి చెప్పాలి. అతను ఓసారి తలుపు వైపు చూసి "అస్సల్ లేదు" అన్నాడు. నిద్ర పడుతోందా? "మంచిగ పంట." ఆకలి? "మంచిగ తింట." కాగితాలమ్మ పెన్ను కొరుక్కుంటూ, ఇతనికి దిగులే లేదే, మరి సెంటు ఎందుకు తాగుతున్నాడని నన్ను అడిగింది. ఈ ఊళ్ళో కాగితమంటే కంపెనీకి చేరేదేనని వీళ్ళ భయం, జబ్బుందని ఒప్పుకుంటే చేతిలో టికెట్టు పెడతారు కదమ్మా అని చెప్పాను. ఆమె నవ్వి, మా కాగితాలు రహస్యంగా ఉంటాయని చెప్పమంది. ఆ రహస్యం తలుపు దగ్గర నిలబడి రెండో సిగరెట్టు ముట్టించుకుంటోంది.

చివరి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. చుట్టూ ఉన్నవాళ్ళందరితో నువ్వు ఒకటే అన్న భావన ఎప్పుడైనా కలిగిందా?

అతను నా వైపు తిరిగాడు. "ఒక్క రూముల పదహారుమందిమి పంటమక్కా. ఒకడు అటు ఒత్తిగిలితె అందరం ఒత్తిగిలాలె. ఇంకెంత ఒక్కటైతం?"

నవ్వు ఆపుకోలేకపోయాను. కాగితాలమ్మ "ఎప్పుడూ" అన్న గడిలో టిక్కు పెట్టింది.

వైద్యానికి ముందు రెండు రోజులు వార్డులో ఉంచుకున్నారు. పొద్దునా సాయంత్రమూ పెద్ద డాక్టరు వచ్చి నీ బాధ చెప్పు అని గుసగుసలాడేవాడు, నేను తెలుగులో అడిగేదాన్ని, అతను "ఏం లేదు సార్, మంచిగున్న" అనేవాడు. డాక్టరు వెళ్ళిపోయాక, నేను టీ తెచ్చి ఇస్తే మాత్రం నోరు విప్పేవాడు. మొదట నా భాషనే ఆటపట్టించాడు.

"నువ్వు బాబూ బాబూ అంటవు, నర్సమ్మతోని ఏవండీ అంటవు. మీ ఆంధ్రోళ్ళు తిట్టినా మర్యాదగనే తిడతరా అక్కా?"

"మీరు మర్యాదగా పిలిచినా తిట్టినట్టే ఉంటుంది, అందుకని."

పగలబడి నవ్వాడు. నవ్వి, నవ్వి, టీ గ్లాసు కింద పెట్టి, ఉన్నట్టుండి అన్నాడు. "మా తమ్ముడు గూడ గిట్లనే మాటకు మాట అందిస్తుండె. నేనే వీసా ఇప్పిచ్చి పిలిపిచ్చిన. పోయిండు."

ఎక్కడికి అని నేను అడగలేదు. తొమ్మిది నెలల కిందట, వేసవిలో, ఒకే భవనం మీద ఇద్దరూ రాడ్లు కడుతుండగా తమ్ముడు ఎండకు ఉన్నచోటే కూలిపోయాడట. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండడంతో శవపేటికతో అతను వెళ్ళలేకపోయాడు. పెట్టె ఒక్కటే ఊరు చేరింది. తర్వాత సెలవు మీద వెళ్ళొచ్చిన మనిషి చేత తమ్ముడి భార్య ఒక క్యాసెట్టు పంపింది.

"ఏం చెప్పింది?"

"ఇనలె."

"ఇన్నాళ్ళుగానా? ఎందుకని?"

"ఏమంటదో ఎరుకేనాయె. అవి ఇనకుండనే ఇంటున్న అక్కా, దినాం."

క్యాసెట్ల సంగతి ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. రాయడం రాని ఇళ్ళకు ఆ రోజుల్లో ఉత్తరమంటే క్యాసెట్టే. ఇక్కడివాళ్ళు మాట్లాడి పంపితే అక్కడివాళ్ళు వినేవాళ్ళు, అక్కడివాళ్ళు మాట్లాడి పంపితే ఇక్కడ. ఖాళీ క్యాసెట్టు కొనేకంటే పాటల క్యాసెట్టు మీదే రికార్డు చేసేవాళ్ళు. పైగా మొదటి పాట అలాగే వదిలేసి, ఆ తర్వాత మాట్లాడేవాళ్ళు. గదికి ఒకటే టేప్‌రికార్డరు, పదిమంది చేతులు. ఎవరైనా తెలియక పెట్టినా పాటే కదా అని తీసి పక్కన పెట్టేస్తారు, ఇంటి ఆడవాళ్ళ మాట పరాయి చెవిన పడదు. క్యాంపుల్లో ఇది అందరికీ తెలుసు. క్యాంపుల నుంచి రోగుల్ని తెచ్చుకునే పోర్టా క్యాబిన్‌లోనే తెలియదు.

మొదట్లో డాక్టరుగారు వాళ్ళ దేశపు సంగీతం పెట్టేవాడు. అది విని ఒక రోగి మధ్యలో నల్లగుడ్డ లాగేసి, ఎవరు చచ్చిపోయారని అడిగాడు. అప్పటినుంచి ఎవరి దేశపు పాట వాళ్ళకే పెట్టాలన్నది ఈ బృందం కనిపెట్టిన గొప్ప సంగతి. అందుకని ఆ రాడ్లు కట్టే అతని పెట్టెలోంచి అతనికి ఇష్టమైన క్యాసెట్టు ఒకటి తెమ్మని క్యాంప్ బాస్‌కి కబురు చేశారు. అతన్ని అడగొచ్చు కదా? పక్క వార్డులోనే ఉన్నాడు. ముందే తెలిస్తే అనుభవం చెడుతుందట.

క్యాంప్ బాస్ పెట్టె తాళం తీయించి, దొరికిన నాలుగైదింట్లో చేతిరుమాలులో చుట్టి దాచుకున్నదాన్ని తెచ్చాడు. దాచుకున్నాడంటే ఇష్టమైనదే కదా అని అతని తెలివి. కాగితాలమ్మ బల్ల మీద ఆ రుమాలు విప్పుతుండగా చూశాను. 

"అమ్మా, ఇది ఇంటినుంచి వచ్చిన ఉత్తరమేమో. ఒకసారి నేను వింటాను."

"నేను విన్నాను. భజన పాట. చాలా ప్రశాంతంగా ఉంది."

"ఎంతసేపు విన్నారు?"

ఆమెకు కోపం వచ్చింది. "సంగీతానికి భాష అక్కర్లేదు" అంది. ఎంత అందమైన మాట! ఎక్కడో చదివి దాచుకున్నట్టుంది, సమయానికి బయటికి తీసింది. నేను రెండోసారి చెప్పలేదు. నా కుర్చీ గుర్తొచ్చింది. వాళ్ళని తిట్టడానికి కూర్చున్నాను కదా, నా వంతు తిట్టు కూడా ఇక్కడే పెడుతున్నాను. రెండోసారి చెప్పాల్సింది. మూడోసారి అరవాల్సింది. నా దేవుడి ముందు ఈ మాట చాలాసార్లు ఒప్పుకున్నాను.

మర్నాడు పది గంటలకు అతన్ని పడుకోబెట్టారు. కళ్ళకు గుడ్డ కట్టారు. సూది వేసిన ఐదు నిమిషాలకు నా చేతిలో అతని చెయ్యి బరువెక్కింది. కాగితాలమ్మ మీట నొక్కింది. తాళాలు, హార్మోనియం, ఊరి గొంతులు కలిసిన భజన. డాక్టరు కళ్ళు మూసుకుని తలాడించాడు. పాట అయిపోయింది. టక్కుమని ఒక చప్పుడు. ఎక్కడో కోడి కూసింది. ఎవరో "మాట్లాడవే" అన్నారు. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు.

"బావా. నేను మాట్లాడుతున్న."

నేను లేచాను. టేప్‌రికార్డరు వైపు చెయ్యి చాపాను. డాక్టరు నా మణికట్టు పట్టుకుని పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఉత్తరం, ఉత్తరం అని గొంతు తగ్గించి చెప్పాను. చూడు, చూడు అన్నాడు. నల్లగుడ్డ కింద నుంచి కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఆ నీళ్ళు చూసి ఆ పెద్దమనిషి ముఖంలో వెలిగిన సంతోషం నేను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను. ప్రయత్నిస్తూనే ఉన్నాను.

"ఇంట్ల నీ ముందట నిలవడి ఎన్నడు మాట్లాడలె బావా. ఈ డబ్బకైతె మాట్లాడొస్తదని మాట్లాడుతున్న. కంపెనోళ్ళు కాయిదం పంపిండ్రు. గుండె ఆగిందని రాసిండ్రంట. సచ్చినోళ్ళ గుండె ఆగకుంట ఉంటదా? గదొక ముచ్చటనా? పెట్టె మూత తియ్యనియ్యలె. ఇంక ఎవరిని అడగాలె నేను? నువ్వు ఎందుకు రాలేదని అడుగుత లేను. ఆ దినం ఏం తిన్నడు? ఎండల కూసున్నడా, నీడల కూసున్నడా? పడ్డంక ఎవరన్న నోట్లె ఇన్ని నీళ్ళు పోసిండ్రా? గది చెప్పు. నీ మీద నాకు కోపం ఉన్నదా లేదా నాకే తెల్వది. ముందుగాల నువ్వు చెప్పు. ఇన్నంక చూస్త."

అంతే. మళ్ళీ టక్కుమంది. మిగతా క్యాసెట్టంతా పాత భజనలే.

అతను మత్తులో ఒకటే మాట అంటూ ఉన్నాడు. "ఆగురా, తెస్తున్న. ఆగు, తెస్తున్న." పద్ధతి ప్రకారం రాశాను, పద్ధతి ప్రకారం తర్జుమా చేశాను. ఏం తెస్తున్నాడని డాక్టరు అడిగాడు. నీళ్ళు అయ్యుంటాయన్నాను. ఆయన ఆలోచించి, కాదు, వెలుగు అయ్యుంటుందన్నాడు. కాగితాలమ్మ వెలుగు అని రాసుకుంది.

మధ్యాహ్నానికి అతను తేరుకున్నాడు. వార్డులో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. టీ ముట్టలేదు. నన్ను చూసి మెల్లగా అడిగాడు.

"అక్కా, మా తమ్ముని పెండ్లాం మాట్లాడిందా? లేకుంటె మందు మాట్లాడిందా?"

రోగి ఏం చూశాడో దాని గురించి మేము ఏమీ చెప్పకూడదని నియమం. రెండో విడత వచ్చే వారం. అప్పుడూ ఇదే క్యాసెట్టు పెట్టాలని అప్పటికే రాసుకున్నారు.

"ఆమే మాట్లాడింది" అన్నాను. "నీ పెట్టెలోంచి తెచ్చారు. పాట అనుకుని పెట్టారు."

 అతను తల ఊపాడు. "అనుకున్న. సావుమన్నది నన్ను."

"లేదు బాబూ. అలా అనలేదు."

"అన్నది. నేను ఇన్న. నువ్వు సచ్చి వాన్ని పంపు అన్నది. ఎన్నోసార్లు అన్నది. పైకెక్కి నిలవడుమన్నది."

 క్యాసెట్టులో ఉన్నది ఒకటి, మందు అతని చెవిలో పోసింది ఇంకొకటి. తొమ్మిది నెలలుగా వినకుండా విన్నదాన్ని ఇప్పుడు ఆమె గొంతుతో విన్నాడు. ఎల్లుండి డిశ్చార్జి. అవతలి రోజు పొద్దున్నే పన్నెండో అంతస్తు మీద పని. నేను చెబితే నమ్మడం లేదు. "నువ్వు మంచిదానివక్కా, అందుకని గట్ల చెప్తున్నవు" అంటున్నాడు.

డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. క్యాసెట్టు ఇప్పించండి, మెలకువలో ఒక్కసారి వింటాడు అన్నాను. ఆయన ఓపికగా, అదే గుసగుసతో, బాధ పైకి రావడం మంచిదేనని, తొందరపడితే పుండు పైపైన మానుతుందని, మూడు విడతలూ అయ్యాక క్యాసెట్టు ఇచ్చేద్దామని చెప్పాడు. పైనుంచి దూకితే మూడో విడత ఎవరికి చేస్తారని అడిగాను. అతని కాగితాల్లో అలాంటి సూచనే లేదే అంది కాగితాలమ్మ, తిరగేసి చూసి. బతుకు వ్యర్థమనిపించిందా అన్న దగ్గర అస్సలు లేదు అనే ఉందిగా.

క్యాసెట్టు దాచిన బీరువా తాళం చెవి నా దగ్గర ఉండేది. లోపల దుమ్ము దులిపేది నేనే కదా. చదువుకున్నవాళ్ళు తాళం వేసుకుని, తుడిచే మనిషికి చెవి ఇచ్చి మరిచిపోతారు. దానికి కూడా దేవునికి స్తోత్రం. మర్నాడు వాళ్ళిద్దరూ భోజనానికి వెళ్ళగానే అతన్ని ఆ గదికే తీసుకొచ్చాను. పడుకోబెట్టలేదు. నా కుర్చీలో కూర్చోబెట్టాను. కిటికీ తెర తీసేశాను. క్యాసెట్టు పెట్టాను.

పాట వస్తున్నంతసేపూ అతను చేతులతో చెవులు మూసుకునే ఉన్నాడు. బావా అన్న మాటకు చేతులు కిందికి దించాడు. చివరిదాకా విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి తనే మీట నొక్కుకున్నాడు.

"సావుమనలె" అన్నాడు.

"అనలేదు."

"నీళ్ళు పోసిండ్రా అని అడిగింది."

"అవును. పోశారా?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడు పొద్దున్నే కళ్ళు తిరుగుతున్నాయన్నాడట. క్లినిక్‌కి పోతే ఆబ్సెంట్ వేస్తారు, అన్నం బెల్లుదాకా ఓర్చుకో అని ఇతనే అన్నాడట. ఓర్చుకున్నాడు. పడిపోయాక ఇతను నాలుగు అంతస్తులు దిగి, హెల్మెట్‌లో నీళ్ళు పట్టుకుని, ఒలికిపోకుండా మళ్ళీ నాలుగు అంతస్తులు ఎక్కాడు. అంతవరకు చెప్పి ఆగాడు.

"గిది నాకెందుకు చెప్తున్నవురా అని అడగవేందక్కా?" అన్నాడు. "అడిగింది ఆమె గదా."

మా అక్క దగ్గర కీర్తనలు రికార్డు చేసుకోవడానికి కొన్న కొత్త క్యాసెట్టు ఉంది. వెళ్ళి తెచ్చాను. ఎర్ర మీట నొక్కి, ఇక్కడ మాట్లాడు అని చూపించి, బయటికి వచ్చి తలుపు ముందు నిలబడ్డాను. లోపలినుంచి మాట వినపడుతూనే ఉంది, పలచటి గోడలు. వినకూడదని లాండ్రీ మిషన్ల మోత వైపు చెవి పెట్టాను గాని అబద్ధం చెప్పను, ఒక్క ముక్క చెవిన పడింది. "పోసిన. గొంతు దిగినయో, పక్కకు కారినయో నాకు తెల్వది. తెల్వదు గని, నేను పోసిన."

భోజనం నుంచి వాళ్ళు తిరిగొచ్చేటప్పటికి నేనింకా తలుపుకి అడ్డంగానే ఉన్నాను. డాక్టరుగారు మొదటిసారి గొంతు పెంచడం అప్పుడే విన్నాను. గొంతు ఉన్నందుకు సంతోషించాను. పరిశోధనంతా పాడుచేశానన్నాడు. కాగితాలమ్మకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఇప్పుడు ఇతను ఏ గడిలోకి వస్తాడు అంది. నా కుర్చీ పోయింది, చీపురు మళ్ళీ చేతికొచ్చింది. చీపురు ఏనాడూ నన్ను నోరు మూసుకోమనలేదు.

గడి దొరికింది లెండి. అతను సెంటు సీసా వదిలేశాడని క్యాంప్ బాస్ చెప్పగానే, రెండో విడతకి రానన్న మనిషే వాళ్ళ మేలైన ఫలితం అయిపోయాడు. బల్ల తుడుస్తూ, టైపు చేసిన కాగితం మీద చదివాను. స్వదేశీ భక్తి సంగీతం వల్ల గాఢమైన ప్రశాంతత కలిగిందని, వెలుగు దర్శనమైందని, ఒక్క మోతాదుతోనే గుణం కనిపించిందని. బావా అన్న మాట అందులో లేదు. నీళ్ళు లేవు. పైకెక్కి నిలవడుమన్నది అన్న మాటా లేదు. మందులో సత్తువ ఉందో లేదో ఆ కాగితం చదివి ఎవరికి తెలుస్తుంది? ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు అది నమ్మి, ఇంకెవరి పెట్టెలోంచో ఇంకో క్యాసెట్టు తెప్పించి ఉంటే? తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచి బయటికి వచ్చాను.

చలికాలంలో ఒక శుక్రవారం ఆరాధన నుంచి వస్తుంటే ఆసుపత్రి గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. క్యాంపు బండి ఊళ్ళోకి వస్తే ఎక్కి వచ్చాడట. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. మనిషి చిక్కాడు గాని కళ్ళు తేటగా ఉన్నాయి.

"అక్కా, జవాబు వొచ్చింది" అన్నాడు.

"వచ్చిందా? విన్నావా?"

"అందిన దినమే ఇన్న. ఆగలె."

"ఏం చెప్పింది? కోపం పోయిందటనా?"

అతను నా ముఖంలోకి చూసి నవ్వాడు. మెల్లగా, నొప్పించకుండా అన్నాడు.

"గది నాకు చెప్పింది గదక్కా."

సిగ్గుతో తల వంచుకున్నాను. అవును బాబూ అన్నాను. ఇద్దరం గేటు పక్కనున్న నీడలో నిలబడ్డాం. నేను అక్క కోసం కొన్న రొట్టె సగం విరిచి ఇచ్చాను. బండి వచ్చేదాకా తిన్నాడు.